దువ్వెన పొడుగు గాలి

మొదటి రాత

నా పేరు తవిటమ్మ. పై గుహలో పుట్టాను. నడిమి గుహకు కోడలిగా వచ్చాను.

పరీక్షకు కూర్చునే కోడలు రోజూ ఏం చేసిందో కాగితం మీద రాసి చావిడికి ఇవ్వాలి. అనుకున్నది రాయకూడదు, చేసింది మాత్రమే రాయాలి అని చావిడి పెద్ద గౌరునాయుడు గారు చెప్పారు. ఆ రెండిటినీ విడదీయడం నాకింకా చేతకాలేదు. అందుకే రెండు కాగితాలు పెట్టుకున్నాను. ఒకటి చావిడికి. రెండోది ఇది.

నాలుగో తరగతి దాకా చదివాను. ఐదో తరగతిలో గాలి పాఠం ఉంటుంది. అది విన్న పిల్లలు పరీక్షకు పనికిరారు. ఏం రావాలో ముందే తెలిసినవాళ్ళ చేతికి అదే వస్తుందట. మా నాన్న నన్ను నాలుగుతో మాన్పించి, తెలియని చేతులు అని చెప్పి ఈ సంబంధం కుదిర్చాడు. పెళ్ళిచూపులకు గౌరునాయుడు గారు కూడా వచ్చారు. ఆయన నన్ను అడిగింది ఒక్కటే.

"నాచు ఏం చేస్తుందమ్మా?"

"పచ్చగా ఉంటాదండి," అన్నాను తల వంచుకుని.

అందరూ నవ్వారు. ఆయన ఒక్కరే సంతోషంగా తల ఊపారు.

ఇక్కడ ఇంటికొక ప్రశ్న ఉంటుంది. పక్కింటివాళ్ళది సున్నం ఎంతకాలానికి గట్టిపడుతుందన్న ప్రశ్న. ఆ చివరింటివాళ్ళది ఏ రాయి నీళ్ళు పీలుస్తుందని. మా అత్తవారిది నాచు. పిడికెడు నాచు ఒక పగలంతా దీపం వెలుతురులో ఎంత గాలి ఇస్తుంది? ప్రతి తరంలోనూ కొత్త కోడలు తన చేత్తో చేసి చూసి చెప్పాలి. ముత్తాతల కాలంలో మాట్లాడే పెట్టెలుండేవట. ఏది అడిగినా జవాబు చెప్పేవట. చెప్పినదాన్ని ఎవరూ చేసి చూడలేదట. అవి ఎక్కడో ఒకచోట తప్పు చెప్పాయి. ఆ తప్పు మీద ఇంకొకటి, దాని మీద మరొకటి కట్టుకుంటూ పోయారు. చివరికి బయట బతకడానికి లేకుండా పోయింది. అందుకని ఇప్పుడు చెప్పుడు మాటకు విలువ లేదు. చేతికి వచ్చిందే లెక్క.

ఇదంతా పెళ్ళిపీటల మీద గౌరునాయుడు గారు చెప్పారు. నాకు నచ్చింది. నా వంటి దాని చేతికి కూడా ఒక పని ఉందనిపించింది.

రెండో రాత

నిన్న పరీక్ష చేశాను. చేసింది చేసినట్టు రాస్తున్నాను.

పొద్దున గుహ కప్పుకు వేలాడే పైదీపాలు వెలగగానే మడుగు దగ్గరికి వెళ్ళి పిడికెడు నాచు తెచ్చాను. మూడు నీళ్ళలో కడిగాను. తొట్టెలో నీళ్ళు పోసి, గాజు జాడీ నిండా నీళ్ళు పట్టి, నాచు మీద బోర్లించాను. జాడీలో గాలి బుడగ ఒక్కటి కూడా లేకుండా చూసుకున్నాను. దీపం కింద పెట్టి పక్కనే కూర్చున్నాను.

కాసేపటికి నాచు మీద సన్నటి బుడగలు పుట్టాయి. ఆవగింజల్లా ఒక్కొక్కటే ఊడి పైకి పోయాయి. జాడీ పైన చేరి నీళ్ళను కిందికి తోశాయి. నేను ఎంత అందంగా ఉందో అనుకున్నాను. ఆ మాట చావిడి కాగితంలో రాయలేదు.

దీపాలు ఆర్పేముందు జాడీ పైఅంచు నుంచి నీటి గీత దాకా దారం పట్టి తెంపాను. ఆ దారం పొడుగే జవాబు. దాన్ని బట్టే ఏ గుహలో ఎన్ని మడుగులుంటే ఎంతమంది బతకవచ్చో చావిడిలో లెక్క కడతారు.

ఈ ఉదయం అత్త నన్ను పిలిచి ముందు కూర్చోబెట్టుకుంది. మా అత్త పేరు సూరమ్మ. మాట గట్టిది, చెయ్యి మెత్తనిది. తల దువ్వింది. కొప్పు చుట్టింది. కొప్పులో పాత చెక్క దువ్వెన గుచ్చింది.

"ఇది మా అత్తది. ఆవిడకి ఆవిడ అత్త ఇచ్చింది. జాగర్త," అంది. "జుట్టులోంచి తియ్యకుండా సావిడికి ఎల్లకు. ముందు ఓపాలి తీసి సూసుకో."

"ఏటి సూసుకోవాలత్తా?"

"దువ్వెన," అంది. నా మొహం చూసి నిట్టూర్చింది. "ఎర్రిగుంట."

అద్దంలో చూసుకున్నాను. బాగానే ఉంది. చావిడికి వెళ్ళాను.

గౌరునాయుడు గారి ముందు బల్ల మీద పాత దారాలన్నీ ఒక గుడ్డ కింద ఉంటాయి. పరీక్ష చేసినవాళ్ళు వాటిని చూడకూడదు. ఆయన నా దారాన్ని గుడ్డ కిందికి తోసి వేళ్ళతో తడిమి పోల్చుకున్నారు. వేళ్ళు ఒకచోట ఆగాయి. మళ్ళీ తడిమారు.

"చెయ్యి తడబడిందేమోనమ్మా. కొత్త కదా. మళ్ళీ చేసి తీసుకురా," అన్నారు. కోపంగా అనలేదు. అందుకే నాకు మరింత సిగ్గేసింది.

మూడో రాత

మడుగు గట్టు మీద నాచు కడుగుతుంటే పక్కింటి కోడలు పైడమ్మ వచ్చి కూర్చుంది. నాకన్నా రెండేళ్ళు పెద్దది. సున్నం పరీక్ష చేసిన చెయ్యి ఆమెది.

"ఏటే, నీ దారం ఎనక్కి పంపీసినారట?"

"ఎవరు సెప్పినారు?"

"ఎవరు సెప్పాలేటి? మీ ఆయన మొగం సూస్తే సాలదూ. అత్త దువ్వెన ఎట్టలేదా?"

"ఎట్టింది. కొప్పులో."

"మరి?"

"మరేటి?"

పైడమ్మ నా చేతిలో నాచు తీసి నీళ్ళలో వదిలేసి నన్ను చూసింది. తర్వాత పొట్ట పట్టుకుని నవ్వింది. గట్టు మీద ఉన్న మిగతా ఆడవాళ్ళు కూడా తిరిగి చూశారు.

"ఓలమ్మో! కొప్పుకి అందమని ఎట్టుకుని ఎల్లిపోనావా? ఒసే, దువ్వెన పొడుగు దారం తెంపాలే! నీకు సిన్నతనం రాకూడదని గదా మీ అత్త ఎట్టింది! మా అత్త నాకు కాడ మీద గీతలున్న గరిటె ఇచ్చింది, ఎన్ని గీతలో అన్ని రోజులని. పులుసు కలపడానికి అనుకున్నావేటి?"

గట్టంతా నవ్వింది. నేను తల వంచుకుని నాచు పిండుకున్నాను.

ఇంటికొచ్చి దారాన్ని దువ్వెన పక్కన పెట్టి చూశాను. నా దారం దువ్వెన సగానికి కొంచెం పైన ఆగిపోయింది.

నాలుగో రాత

మళ్ళీ చేశాను. నా చెయ్యి తడబడిందనే అనుకుని ఇంకా జాగ్రత్తగా చేశాను. దువ్వెనను బట్టలో చుట్టి పెట్టెలో పెట్టేశాను. అదే మడుగు నాచు తెచ్చాను. తర్వాత రెండో మడుగు నాచుతో చేశాను. జాడీ మార్చాను. పిడికిలి బిగించి ఇంకొంచెం ఎక్కువ నాచు కూడా పెట్టాను, తప్పని తెలిసీ.

సగానికి కొంచెం పైనే. ప్రతిసారీ.

మా ఆయన సింహాద్రి గచ్చు పనివాడు. గుహల గోడలకు సున్నం, ఇసుక, బెల్లం నీళ్ళు కలిపి పూత పూస్తాడు. కొత్తగా తొలిచిన గదికి గోడలన్నీ ఈయనే నునుపు చేశాడు. దుమ్ముకాలం రాబోతోంది. ఆ కాలంలో బయటి దుమ్ము లోపలికి రాకుండా ఏ గుహ తలుపు ఆ గుహవాళ్ళు గచ్చుతో మూసుకుని, తమ మడుగులిచ్చే గాలితో గడపాలి. ఈసారి కొత్త గదిలో కూడా మనుషులను పెట్టి మూస్తారు.

అన్నం పెడుతూ అడిగాను.

"మావా, పాత గుహల గోడలకి పగుళ్ళుంటాయి గదా?"

"ఉంటాయి. ఎక్కడ సూసినా నెర్రెలే. మా తాతలు ఏసిన గచ్చు మరి."

"అందులోంచి గాలి వస్తాదా?"

"గాలీ వస్తాది, దుమ్మూ వస్తాది. ఏటా దగ్గుతాం గదా మూడు నెలలు." ఆయన వేళ్ళు నాకి నవ్వాడు. "కొత్త గదిలో దగ్గుండదు సూడు. పాలగ్లాసులా ఉన్నాది. నా గచ్చులో సీమ కూడా ఊపిరి ఒగ్గలేదు."

ఆయన నవ్వు చూస్తే చెప్పబుద్ధి కాలేదు. చెప్పాను.

"మావా, ఇన్నేళ్ళూ మనం నాచు గాలితో బతకలేదేమో. నెర్రెల గాలితో బతికినామేమో."

ఆయన కంచం పక్కకు జరిపాడు.

"నీ దారం మాట ఊళ్ళో అందరికీ తెలిసిపోనాది. కుర్రోళ్ళు నన్ను ఆటపట్టిస్తున్నారు. నీ పెళ్ళాం సేతికి సగమే వచ్చింది, మిగతా సగం నువ్వు పీల్చీసినావేటి అని."

"నువ్వేటన్నావు?"

"ఏటంటాను? నవ్వీసాను." లేచి చెయ్యి కడుక్కున్నాడు. "దువ్వెన ఎట్టి తెంపీ, తవిటీ. గొడవొదిలిపోద్ది. కొత్త గదికి మడుగుల లెక్క కట్టీసినారు గదా."

లెక్క దేంతో కట్టారో ఆయన చెప్పలేదు. నేనూ అడగలేదు. పాత దారంతోనేనని నాకు తెలుసు. కొత్త గది తలుపు మూసేటప్పుడు గచ్చు లోపలి నుంచి పూయాలి. పూసేవాడు లోపలే ఉండిపోవాలి.

ఐదో రాత

అత్త బియ్యంలో రాళ్ళు ఏరుతోంది. ఎదురుగా కూర్చుని నేనూ ఏరాను.

"అత్తా, నీకెంత వచ్చింది?"

"ఏటి?"

"నీ పరీక్షకి. దువ్వెన కాకుండా. నీ సేతికి."

అత్త చెయ్యి ఆగింది. గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరు.

"రెండు పళ్ళు తక్కువొచ్చింది," అంది. "దువ్వెనకి రెండు పళ్ళు. అంతే. రెండు పళ్ళకోసం పెద్దోళ్ళ దగ్గర మాట పడాలేటి అని మా అత్త అంది. ఆవిడకి ఒక పన్ను తక్కువట. ఆవిడా అలాగే సేసింది."

"నాకు సగమే వచ్చింది."

"నీ సెయ్యి..."

"నా సెయ్యి కాదత్తా. అయిదుసార్లు సేసాను."

అత్త చాట పక్కన పెట్టింది. నా చెయ్యి తీసుకుని తిప్పి చూసింది, అక్కడేదో రాసి ఉన్నట్టు.

"నాచు ముసిలిదయిపోనాదేటి?" అంది మెల్లగా. "ఆ మడుగుల్లో నాచు మా తాతల నాటిదే. కొత్తది బయట నుంచి రాదు గదా. మనుషులకి సత్తువ తగ్గినట్టే దానికీ తగ్గుతాదేమో."

నాకు తెలియదు. అది ఐదో తరగతి తర్వాత పాఠమేమో.

"నీకు మాట రాకూడదనే ఎట్టాను తల్లీ," అంది అత్త. "నువ్వు సిగ్గుపడేదానివి. అందరి ముందూ నిలబెట్టి మళ్ళీ సెయ్యి, మళ్ళీ సెయ్యి అంటే నువ్వు తట్టుకోలేవని."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అదే నన్ను భయపెట్టింది. ఇన్ని తరాల్లో ఒక్క చెడ్డ మనిషి కూడా లేదు. ఒక్కరు కూడా అబద్ధం చెప్పాలని చెప్పలేదు. కోడలిని ఎవరూ ఏమీ అనకూడదని తల దువ్వారు.

ఆరో రాత

చావిడికి వెళ్ళాను. దువ్వెన లేకుండా.

పెద్దలందరూ ఉన్నారు. ఆడవాళ్ళు గోడ వారగా కూర్చున్నారు. వాళ్ళలో అత్త ఉంది. మా ఆయన గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఎలాగో చెప్పాను. నా దారం తప్పు కాదని, ఆ గుడ్డ కింద ఉన్నవన్నీ ఒకే పొడుగు ఎందుకున్నాయో కోడళ్ళను అడగమని.

"ఎందుకున్నాయమ్మా?" అన్నారు గౌరునాయుడు గారు.

అత్త పేరు చెప్పలేకపోయాను. అప్పుడు గోడ వార నుంచి అత్త గొంతు వినబడింది.

"నానే సెప్పాను బాబూ, దువ్వెనెట్టి. మా అత్త నాకు సెప్పింది. ఇక్కడ కూకున్న అత్తలందరూ సెప్పినోళ్ళే. కాదంటే సెప్పమనండి."

ఎవరూ కాదనలేదు. ఎవరూ అవుననలేదు. పైడమ్మ వాళ్ళత్త తన చీర కొంగు సర్దుకుంది.

గౌరునాయుడు గారు గుడ్డ తీసేశారు. బల్ల మీద దారాలన్నీ ఒక్క పొడుగే, దువ్వినట్టు వరసగా ఉన్నాయి. ఆయన ఒక్కొక్కదాన్నీ వేలితో తాకి చూశారు. ఆయన చెడ్డవాడు కాదని మళ్ళీ రాస్తున్నాను.

"ఇన్ని చేతులు ఒక మాట చెబుతున్నాయనుకున్నాం," అన్నారు. "ఒక్క చెయ్యే ఇన్నిసార్లు చెప్పిందంటున్నారు మీరు. సరే. అయితే మీ కోడలి దారాన్ని ఎలా నమ్మాలి? ఆమెది కూడా ఒక్క చెయ్యే కదా."

"ఇంకోళ్ళ సేత సేయించండి," అంది అత్త.

"ఎవరి చేత? ఏం రావాలో తెలియని చెయ్యి కావాలి. ఈ సంగతి ఇప్పుడు గుహలో అందరూ విన్నారు. పిల్లలతో సహా. ఎవరు చేసినా సూరమ్మ వైపు వాళ్ళకు సగం వస్తుంది, మిగతావాళ్ళకు దువ్వెన పొడుగు వస్తుంది."

అప్పుడే దుమ్ము గంట కొట్టారు. గుహ వాకిట్లో కాపలా ఉన్నవాళ్ళు కొట్టే గంట అది. దుమ్ము కనబడగానే తలుపులు మూసే పని మొదలవ్వాలి. ఇక పరీక్షలకు వేళ లేదు.

పెద్దలు గుసగుసలాడుకున్నారు. ఒకాయన నా దారాన్ని పాత దారం పక్కన పెట్టాడు. రెండిటికీ నడుమ గోటితో గీత గీశాడు. అందరూ తలలు ఊపారు. న్యాయంగా ఉందన్నారు. కొత్త గదికి వెళ్ళాల్సినవాళ్ళలో నాలుగో వంతు మంది ఆగిపోవాలని చెప్పారు. నా దారం నిజమైతే సగం మంది ఆగాలి.

"ఆ నడిమి పొడుగు ఎవరి సేతికీ రాలేదండి," అన్నాను. నా గొంతు నాకే వినబడలేదు.

గుమ్మం దగ్గర మా ఆయనను పట్టుకున్నాను. అందరూ చూస్తున్నారని కూడా తోచలేదు.

"మావా, గచ్చులో ఒక నెర్రె ఒగ్గు. సన్నటిది. ఎవరికీ కనపడదు."

"నా సేత్తోనా?" అన్నాడు. నేను తనను తిట్టినట్టు చూశాడు. "దుమ్మొస్తే లోపల పిల్లలున్నారు తవిటీ. నెర్రె ఒగ్గిన గచ్చు ఏసినోడని నన్ను రేపు గుహలో ఉండనిస్తారేటి?"

తాపీ చేతబట్టుకుని వెళ్ళిపోయాడు.

ఏడో రాత

కొత్త గది మూశారు. లోపలి నుంచి గచ్చు పూసే చప్పుడు ఈ పక్కకు మెత్తగా వినబడింది. తర్వాత అదీ ఆగింది.

గోడ గుండా ఒక ఇనుప గొట్టం వేసి ఉంది. నీళ్ళు పోయే గొట్టం కాదు. మాట కోసం పెట్టినది. రెండు వైపులా మూసే ఉంటుంది, చప్పుడు మాత్రం పోతుంది. లోపలివాళ్ళు పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి కొట్టాలి. గౌరునాయుడు గారు అక్కడే బల్ల వేయించుకుని కూర్చున్నారు. ఇంటికి కూడా వెళ్ళడం లేదు.

మొదట్లో చప్పుడు గట్టిగా వచ్చేది. లోపల ఎవరో పాట దరువు కూడా వేశారు. కుర్రాళ్ళు నన్ను చూసి, "వదినా, లోపల డాన్సులేస్తున్నారు," అన్నారు. నాకు సంతోషం వేసింది. నా దారం తప్పైతే బాగుండునని అంతగా ఎప్పుడూ కోరుకోలేదు.

తర్వాత దరువు రాలేదు. మామూలు చప్పుడు వచ్చింది. తర్వాత ఒక పొద్దున చప్పుడు ఆలస్యంగా వచ్చింది. రెండు దెబ్బలు పడ్డాక, కొట్టేవాళ్ళు మధ్యలో మరిచిపోయినట్టు ఆగింది. మళ్ళీ మోగింది.

"నిద్రమత్తు," అన్నారు గౌరునాయుడు గారు. ఆయన చెవి గొట్టానికే ఆనించి ఉంది. "వేచి చూద్దాం."

"తలుపు తీయించండి బాబూ."

"తీస్తే ఏం తెలుస్తుందమ్మా?" ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. నిజంగా నన్నే అడుగుతున్నారు. "నీ దారం నిజమా, పాత దారం నిజమా? తెలియని చెయ్యి ఇంక లేదు. ఈ గది ఒక్కటే మనకు మిగిలిన జాడీ. మధ్యలో ఎత్తితే ఎప్పటికీ తెలియదు. వచ్చే తరం వాళ్ళు ఇంతకన్నా పెద్ద గదిలో మూసుకుంటారు. అప్పుడో?"

ఆయన చెప్పింది నాకు అర్థమైంది. తప్పని అనలేను. అదే కష్టంగా ఉంది.

ఎనిమిదో రాత

పైదీపాలు వెలిగాయి. గొట్టం మోగలేదు.

గౌరునాయుడు గారు కాసేపు ఆగమన్నారు. నేను ఆగలేదు. ఇంటికి పరుగెత్తి మా ఆయన పాత తాపీ తెచ్చాను. తలుపు అంచున ఈ పక్కకు కనిపిస్తున్న గచ్చు మీద పొడిచాను. సున్నం రాయిలా ఉంది. ఆయన పని అలాంటిది. ఎవరో నా భుజం పట్టుకుని లాగారు. విదిలించుకున్నాను. నేనెప్పుడూ ఎవరినీ విదిలించుకోలేదు.

అత్త వచ్చింది. చేతిలో రోకలి ఉంది.

"జరుగు," అంది. ఇనుప పొన్ను ఉన్న వైపు తిప్పి గచ్చు మీద మోదింది. "నా కొడుకు ఏసినదే. ఎక్కడ పలసనో నాకు తెల్సు. మూలల్లో ఎప్పుడూ తొందరపడతాడు."

మూల పెచ్చు ఊడింది. లోపలి నుంచి గాలి చప్పుడేమీ రాలేదు. వేడి తగిలింది, చాలామంది చెమట వాసన తగిలింది. బెజ్జం పెద్దది చేశాం. చివరికి మగవాళ్ళు కూడా వచ్చి తలుపు లాగారు.

అందరూ పడుకుని ఉన్నారు. పిల్లలు, ముసలివాళ్ళు, అందరూ. నిద్రపోతున్నట్టే ఉంది, కానీ రొప్పుతున్నారు. కొందరు వాంతి చేసుకుని ఉన్నారు. మా ఆయన గొట్టం పక్కన గోడకు చేరబడి ఉన్నాడు. చేతిలో కొట్టే రాయి ఉంది. మొహం ఎర్రగా ఉంది. నన్ను గుర్తుపట్టడానికి చాలాసేపు పట్టింది.

"ఎందుకు తవ్వినావు?" అన్నాడు. "గచ్చు పాడయిపోద్ది గదే."

అందరినీ బయటకు మోసుకొచ్చాం. ఎవరూ చనిపోలేదు.

తొమ్మిదో రాత

ఎవరూ చనిపోలేదు కాబట్టి ఏదీ తేలలేదు.

మా ఆయన తలనొప్పి తగ్గాక బాగానే ఉన్నామన్నాడు. కొంచెం ఉక్కగా అనిపించిందట, అంతే. మిగతావాళ్ళూ అదే అన్నారు. బయటకు మోసుకొచ్చిన సంగతి వాళ్ళకు సరిగ్గా గుర్తు లేదు. ఒకావిడ అది కొత్త సున్నం ఘాటుకు పట్టిన మత్తు అంది. ఆ మాట అందరికీ నచ్చింది. సాయంత్రానికి గుహంతా సున్నం ఘాటు అని చెప్పుకున్నారు. పైడమ్మ అత్త, సున్నం తమ ఇంటి ప్రశ్న కాబట్టి, అది నిజమేనని చెప్పింది.

గౌరునాయుడు గారు చావిడిలో తీర్పు చెప్పారు. మధ్యలో తలుపు తీశారు కాబట్టి కొలత లేదు. కొలత లేదు కాబట్టి పాత దారమే ఉంటుంది. నడిమి గీత కూడా తీసేశారు. నాది వంకర చెయ్యి అని రాశారు. వంకర చెయ్యి రాసే కాగితం ఇక చావిడికి అక్కర్లేదు. చెప్పేటప్పుడు ఆయన నా వైపు చూడలేకపోయారు.

"నాకు తెలుసుకోవాలని ఉందమ్మా," అన్నారు అందరూ వెళ్ళాక. "నీకు లేదని కాదు. నీకు అతను కావాలి. ఎవరికైనా అంతే. అందుకే మనకు ఏదీ తెలియడం లేదేమో."

నాకు సింహాద్రి కావాలి. అవును.

పదో రాత

వెనక దుమ్ము వస్తోంది. ఏటా రెండోసారి వచ్చేది. కొత్త గది మళ్ళీ మూస్తారు. ఈసారి తలుపుకు బయటి వైపు అడ్డంగా ఇనుప పట్టీలు కొడతారు. రోకలితో తెరవడం కుదరదు.

మా ఆయనే ముందు పేరు ఇచ్చాడు. పెళ్ళాం తవ్విన గచ్చు వేసినవాడని కుర్రాళ్ళు అంటున్నారట. నాలుగో వంతు కూడా ఆపడం లేదు. అందరూ వెళుతున్నారు. బాగా గడిచిపోతే పాత దారం నిజమని తేలినట్టేనని, దాన్ని బట్టి కింద తొలుస్తున్న పెద్ద గదికి మడుగుల లెక్క కడతారని చెప్పాడు.

"నువ్వు నా మీద నమ్మకం ఎట్టు," అన్నాడు. కోపం లేదు. "నువ్వు సెడ్డదానివని నానెప్పుడూ అన్నానేటి? భయపడినావు. అంతే గదా."

"అంతే మావా."

తలుపు గచ్చుకు సున్నం జల్లెడ పట్టమని నాకు ఇచ్చాడు. వంకర చెయ్యి కొలవకూడదు గానీ జల్లెడ పట్టవచ్చు. ఆయన బెల్లం నీళ్ళు కలపడానికి వెళ్ళాడు.

సున్నంలో ఊక కలిపాను.

దంచిన సామల ఊక. సన్నగా నలిపి, తెల్లగా కనబడేలా సున్నంలో దొర్లించి కలిపాను. గచ్చులో ఊక ఎక్కువైతే ఎండాక పూతంతా సన్నటి బెజ్జాలు పడతాయి. చీకట్లో చెయ్యి పెట్టినా తెలియవు. మా పుట్టింట్లో పొయ్యి గోడ అలాగే పాడైంది, అందుకని నాకు తెలుసు. గాలి పోతుంది. దుమ్ము ఆగుతుందో లేదో తెలియదు. దుమ్ము ఎంత సన్నగా ఉంటుందో నాకు ఎవరూ చెప్పలేదు.

ఆయన బతికి బయటకు వస్తాడు. అందరూ వస్తారు. గొట్టం పొద్దునా సాయంత్రం గట్టిగా మోగుతుంది. గౌరునాయుడు గారు చెవి ఆనించి వింటారు. తర్వాత లేచి, పాత దారం నిజమేనని తన చేత్తో రాస్తారు. ఆయన జీవితంలో మొదటిసారి ఎవరూ చెప్పకుండా, చేసి చూసి తెలుసుకున్నానని అనుకుంటారు. ఆయనకు అది చెప్పింది కూడా ఒక చెయ్యే, నాది.

చెయ్యి ఆపి కూర్చున్నాను. అత్త వంటింటి గడప మీద నిలబడి చూస్తోంది. ఎప్పటి నుంచి చూస్తోందో తెలియదు. లోపలికి వెళ్ళి, చాటలో మిగిలిన ఊక తెచ్చి నా ముందు పెట్టింది.

అది కూడా కలిపాను.

నేల కింద సుత్తుల చప్పుడు అరికాళ్ళకు తెలుస్తోంది. పెద్ద గది తొలుస్తున్నారు. ఇప్పుడున్న గదులన్నీ కలిపినా అంత ఉండదట. దానికి గచ్చు వేయడానికి పై గుహ నుంచి వేరే పనివాళ్ళను పిలిపిస్తున్నారు. చాలా శుభ్రంగా పనిచేస్తారట. వాళ్ళ సున్నానికి వాళ్ళే జల్లెడ పట్టుకుంటారట.